గంగమణి ఖాళీ చాట

ఎల్లారెడ్డి గంజిలో, అంటే ధాన్యం మార్కెట్టులో, రామస్వామి ముప్పై ఒక్క ఏండ్లు బస్తాలు మోశాడు. అన్నేండ్లలో ఒక్కనాడూ బస్తాను నడిదారిలో దించలేదు, ఇంకొకరి వీపుకు మార్చలేదు. హమాలీలలో ఒక పద్ధతి ఉంది. మోసేవాని మోకాలు వణికిందంటే పక్కవాడు అడక్కముందే వచ్చి "ఇటియ్యి" అంటాడు, బస్తా అతని వీపు మీదికి మారిపోతుంది. అందులో సిగ్గుపడేదేమీ లేదు, ఈ రోజు నీకైతే రేపు నాకు. అయినా రామస్వామి ఎన్నడూ ఇచ్చింది లేదు. ఎంతోమంది బస్తాలు తాను తీసుకున్నాడు గాని తనది ఇయ్యలేదు. ఈ సంగతి ఆయన నోటితోనే వినక్కరలేదు, గంజిలో ఎవరినడిగినా చెబుతారు.

ఆయన చేసిన పనులు చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. క్వింటాలు బస్తాలు నడిచిన కాలంలో పనికి చేరి యాభై కిలోల సంచులు వచ్చేదాకా చేశాడు. ఒక ఏడు ముసురులో వడ్ల లారీ గోదాము ముందర దిగబడింది. తోటివాళ్లంతా పెండ్లికి పోయారు. ఉన్నదల్లా తానూ, అప్పుడే పనికి చేరిన లింబాద్రీ. లింబాద్రి తడి చెక్క మీద జారి కాలు బెణికించుకుంటే, పొద్దుగూకేలోపల నూట పది బస్తాలు రామస్వామి ఒక్కడే దించాడు. చివరి ఇరవై బస్తాలకు లింబాద్రి కుంటుకుంటూ వచ్చి "ఇటియ్యన్నా, ఇటియ్యన్నా" అని వెంటపడ్డాడు. ఇయ్యలేదు. కామారెడ్డి బెల్లం మార్కెట్లో మూడు సీజన్లు చేసినప్పుడు అక్కడి షావుకారు ఇనుప బీరువాను తాళ్లతో వీపుకు కట్టుకొని మేడెక్కించాడు. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివినవాడే అయినా హమాలీ సంఘానికి రెండుసార్లు ఉపాధ్యక్షుడయ్యాడు, తీర్మానాలన్నీ తన చేతిరాతతోనే రాశాడు. వాడలో మొదటి స్లాబు ఇల్లు ఆయనదే. ఒక్కగానొక్క బిడ్డ రమ్యను డిగ్రీ చదివించి కామారెడ్డిలో ఇచ్చాడు. పని మానిన రోజు సంఘం వాళ్లు కప్పిన శాలువా ఇప్పటికీ మడత చెదరకుండా పెట్టెలో ఉంది.

ఆయన భార్య గంగమణికి ఎవరూ శాలువా కప్పలేదు. చెప్పాలంటే ఆమెదీ తక్కువ పని కాదు. పన్నెండో ఏట ఒడిలో చాట పెట్టుకొని కూర్చున్న మనిషి యాభై ఆరో ఏట దాకా బీడీలే చుట్టింది. తునికాకును తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, వయసులో ఉన్నప్పుడు రోజుకు వెయ్యి చుట్టేది. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజు నుంచే ఒక మోకాలి మీద పిల్లను, ఇంకో మోకాలి మీద చాటను పెట్టుకుంది. కార్ఖానాలో పనికిరానివని తీసి పారేసిన కట్టల్లో ఆమెవి ఉండేవే కావు. నలభై నాలుగేండ్లలో ఆమె చుట్టిన బీడీలను ఒకదాని వెనుక ఒకటి పేరిస్తే ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి ఎన్నిమార్లు పోయి రావచ్చో. అంత దూరం ఆమె కూర్చున్న చోటు నుంచి కదలకుండానే పోయింది.

కదిలేది సాయంత్రం నాలుగింటికి. చుట్టిన బీడీలను చాటలో సర్ది, మీద గుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకొని పక్కింటి వనజతో కలిసి కార్ఖానాకు పోయేది. పోను పావుగంట, రాను పావుగంట.

నిరుడు ఉగాదప్పుడు ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలితే, చాట అంచు ఒరుసుకొని అట్లా అయిందేమో అనుకుంది. చాటను జరిపి పెట్టుకుంది, అంచుకు మెత్తటి గుడ్డ చుట్టింది. అట్లా మూడు నెలలు పోయాయి. రమ్య చూసి కామారెడ్డికి, అక్కడి నుంచి హైదరాబాదుకు తీసుకుపోయేసరికి గడ్డ నిమ్మకాయంత అయింది. శ్రావణంలో ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులకొకటి చొప్పున ఆరు కీమోలు కామారెడ్డి దవాఖానలోనే ఎక్కించుకోవచ్చని పంపారు.

అక్కడి డాక్టరు మందు మొదలుపెట్టకముందే రామస్వామికి ఒక మాట చెప్పాడు. "ఆరూ పడాలె. మధ్యల ఆపుకుంటే లాభం తగ్గుతది. ప్రతిసారి ఈమె తన కాళ్ల మీద నడిచి గీ గదిలకు రావాలె. కుర్చీల కూసోబెట్టి తెస్తే నేను మందు ఎక్కియ్యలేను. పానం తట్టుకోదు." ఆ తర్వాత పక్క గదిలోకి పంపాడు.

ఆ గదిలో లిదియా ఉంది. పెద్దకొడప్‌గల్ దిక్కు అమ్మాయి. ఆపరేషన్లయినవాళ్ల చేతులూ కాళ్లూ మళ్లీ పనికొచ్చేటట్టు కసరత్తు నేర్పడం ఆమె ఉద్యోగం.

"అవ్వా, ఎడమ చెయ్యి ఎంత లేస్తదో లేపు, చూద్దాం."

గంగమణి లేపింది. భుజం దాకా రాకముందే ఆగిపోయింది.

"నొప్పా, భయమా?"

"రెండు బిడ్డా. కుట్లు తెగుతయేమోనని."

"కుట్లు మంచిగ మానినయ్. ఇప్పుడు లేపకుంటే ఇగ బిగుసుకపోతది. ఇంట్ల గోడ ముందర నిలబడి, వేళ్లతోని పాకిచ్చుకుంట పైకి పోనియ్యి. దినాం జరంత ఎక్కువ." ఆమె గోడ మీద తన వేళ్లు నడిపించి చూపించింది. "ఇంకోటి. దినాం నడువాలె. పది నిమిషాలతోని మొదలువెట్టి అర్ధగంట దాక."

రామస్వామికి నవ్వొచ్చింది. "పనిలేనోళ్లకు కసరత్ బిడ్డా. మా ఇంట్ల గసొంటి ముచ్చట ఎన్నడు లేదు. బతుకంత కష్టం చేసిన పానం, ఇప్పుడు జర ఆరాం చేస్తది."

"కష్టం వేరు, కసరత్ వేరు బాపు. నువ్వు బస్తాలు మోసినవట గదా. నెల దినాలు పండుకొని లేచి బస్తా మోస్తవా?"

 రామస్వామి ఎన్నడూ నెల దినాలు పడుకున్నవాడు కాదు.

"కీమో పడ్డంక వచ్చే అలసట పండుకుంటే పోయేది కాదు. మెల్లగ నడుస్తనే తగ్గుతది. నడిస్తే రోగం పోతదని నేను చెప్తలేను, మందును తట్టుకునే సత్తువ ఉంటది. జ్వరమొచ్చిన్నాడు వద్దు. కండ్లు తిరిగితే వద్దు. పక్కమనిషితోని ముచ్చట పెట్టుకుంట నడిచేటంత నిమ్మలంగ నడువుండ్రి. ముచ్చట ఆగిపోయిందంటే ఎక్కువైందని లెక్క."

మరునాడు పొద్దున గంగమణి చెప్పులు తొడుక్కొని వాడలోకి నడిచింది. ఆ వాడలో ఆడవాళ్లు నడవక కాదు. కూలికి నడుస్తారు, కార్ఖానాకు నడుస్తారు, రేషను దుకాణానికి నడుస్తారు. చేతిలోనో చంకలోనో నెత్తి మీదనో ఏదో ఒకటి ఉంటుంది. ఉత్త చేతులతో, ఎక్కడికీ కాకుండా, పోయి మళ్లీ వచ్చే ఆడమనిషిని మాత్రం ఆ వాడ అంతవరకు చూడలేదు. మొదటి ఇంటి ముందు "ఏడికి గంగమణీ?" అన్నారు. "ఏడికి లేదు" అంది. మూడో ఇంటి ముందు "ఏమన్న వారేసుకున్నవా, ఎతుకుతున్నవ్?" అన్నారు. అయిదో ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ కండ్లొత్తుకొని "ఫికరుతోని మతి తప్పినట్టున్నది బిడ్డకు" అంది. ఆరో ఇల్లు దాటడం గంగమణి వల్ల కాలేదు.

ఇంటికొచ్చి గడపలో కూర్చుంది. సాయంత్రం నాలుగింటికి వనజ చాట నెత్తిన పెట్టుకొని ఎప్పటిలాగే ఆ దారిన వచ్చింది. ఆమెను ఎవరూ ఎక్కడికని అడగలేదు. గంగమణి లేచి లోపలికి పోయి మూలనున్న తన చాట తీసింది, మీద గుడ్డ కప్పి బయటికి తెచ్చింది.

"జర నెత్తిన వెట్టు వనజా. చెయ్యి లేస్తలేదు."

వనజ అందుకొని, తేలిగ్గా ఉండటం చూసి గుడ్డ ఎత్తింది. "ఏందక్కా, ఏం లేదు గదా ఇండ్ల?"

"ఏం లేదు. నడువు."

"ఉత్త చాట మోసుకొని కార్ఖానకు వోతవా?"

"కార్ఖానకు నేనిచ్చిన బీడీలు చాలు. ఇప్పుడు నా నడక నేను నడుస్త."

వనజ నవ్వీ నవ్వీ చీర కొంగుతో కండ్లు తుడుచుకుంది. చాటను ఆమె నెత్తిన పెట్టింది. ఆ రోజు వాడలో ఏ ఇంటి ముందూ గంగమణిని ఎక్కడికని అడిగినవాళ్లు లేరు. నెత్తి మీద చాట ఉంటే అడగాల్సిన పనేముంది.

అట్లా మొదలైంది. కీమో పడిన నాలుగు రోజులు మంచం మీద ఉండేది, వాంతులు తగ్గగానే నాలుగింటికి లేచేది. మొదట కార్ఖానా దారిలో సగం దాకా, తర్వాత మలుపు దాకా, తర్వాత కార్ఖానా మెట్ల దాకా. జుట్టంతా రాలిపోయింది గనుక కొంగును చెవుల మీదికి బిగించి కట్టుకొని దానిపైన చాట పెట్టుకునేది. పొద్దున గోడ ముందు నిలబడి వేళ్లు పాకించేది. సద్దుల బతుకమ్మ నాడు వాడ ఆడవాళ్లతో కలిసి రెండు చుట్లు తిరిగింది, చేతులు ఎదదాకా ఎత్తి చప్పట్లు కొట్టింది. ఈ మాట రమ్య ఫోనులో చెబితే లిదియా "గదే కసరత్, ఇంకేం కావాలె" అని నవ్విందట. రెండో కీమోకు, మూడో కీమోకు గంగమణి తన కాళ్ల మీదే ఆ గదిలోకి పోయింది.

దీపావళి ముందర ఒక రోజు రామస్వామి గంజి ఎదుటి చాయ్ హోటల్లో కూర్చున్నాడు. పాత హమాలీలు నలుగురైదుగురు ఉన్నారు. లింబాద్రి కూడా ఉన్నాడు. ఇప్పుడతనికి యాభై దాటాయి, నోరు మాత్రం పడుచువాడిది. అప్పుడే రోడ్డవతల గంగమణి చాట నెత్తిన పెట్టుకొని పోతోంది.

"ఏమన్నా, వదినె మల్ల చాట ఎత్తింది. ఇంట్ల ఉప్పుకు లేదా ఏంది?"

రామస్వామి చాయ్ సాసర్‌లో పోసుకుంటున్నవాడు ఆగాడు.

"అది గాదురా" అన్నాడు పక్కనున్న ఒకాయన, "ఆమె చుట్టిన బీడీ లేకుంటే కార్ఖాన నడువది."

"నడువకుంటే బందువెట్టుమను. గంత పెద్ద రోగమొచ్చిన మనిషిని సచ్చేదాక చుట్టియ్యాలని ఒట్టు వెట్టుకున్నవా అన్నా?" లింబాద్రి నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వారు. ఎప్పుడూ ఆడుకునే మాటలే అవి.

ఒక్క మాట చెబితే అయిపోయేది. చాటలో ఏమీ లేదు, దవాఖానవాళ్లు నడవమన్నారు అని. కాని ముప్పై ఒక్క ఏండ్లలో గంజిలో ఎవరూ రామస్వామిని వేలెత్తి చూపలేదు. నా పెండ్లాం ఉత్త చాట మోసుకొని తిరుగుతోందని నలుగురిలో చెప్పడం ఆయనకు ఇంకా నామోషీ అనిపించింది. చాయ్ తాగకుండానే లేచి ఇంటికి పోయాడు. గంగమణి వచ్చేదాకా గడపలో నిలబడి, రాగానే నెత్తి మీది చాట తీసుకొని స్టూలెక్కి సజ్జ మీద పాత సంచుల వెనుక పెట్టేశాడు.

"ఏందయ్యా అది? ఎందుకు పైన వెట్టినవ్?"

"ఇగ చాలు. నా ఇజ్జత్ తీసినవ్. ముప్పైయేండ్లు నిన్ను ఆరాంగ కూసోవెట్టలే, నా తప్పే. ఇప్పుడన్న కూసో. ఏం పని కావాలన్న నేను చేస్త."

"నడువుమన్నది గదా ఆ పిల్ల."

"ఆ పిల్లకేం ఎరుక. కాళ్లు కడిగి మంచమెక్కు."

గంగమణి కాళ్లు కడుక్కొని మంచమెక్కింది. పెండ్లయిన నాటి నుంచీ ఆయన ఒకసారి చెప్పిన మాట మీద ఆమె రెండో మాట అన్నది తక్కువ.

ఆ రోజు నుంచి నలభై రోజులు రామస్వామి ఆమె కాలు కింద పెట్టనియ్యలేదు. ఇది కోపంతో చేసింది కాదు. నీళ్లు తోడాడు, అన్నం వండాడు, జావ కాచి గ్లాసు చేతికిచ్చాడు, స్నానానికి జాలారి దాకా చెయ్యి పట్టుకొని పోయి మళ్లీ మంచం దాకా తెచ్చాడు. బట్టలుతికి ఆరేస్తుంటే వనజ గోడ మీదుగా చూసి "బావా, మా ఇంటికి గూడ రా, మా ఆయన ఇసొంటియి నేర్సుకోవాలె" అంది. ఆయనకు ఆ మాట గొప్పగానే వినిపించింది. ఇంత సేవ చేసే మగవాడు వాడలో ఉన్నాడా అని తనలో తాను అనుకున్నాడు కూడా. గంగమణి గోడ దగ్గరికి పోయి వేళ్లు పాకించడం కూడా మానేసింది. నాలుగింటికి చెప్పుల చప్పుడు వినిపిస్తే తల తిప్పి తలుపు వైపు చూసేది.

నాలుగో కీమోకు ఆటో దిగి దవాఖాన వరండాలో పది అడుగులు వేసేసరికి ఆమె కాళ్లు వంగిపోయాయి. ఆయా చక్రాల కుర్చీ తెచ్చింది. రామస్వామే ఆమెను ఎత్తి అందులో కూర్చోబెట్టాడు. ఎత్తుతుంటే ఆయనకు ఒక సంగతి తెలిసింది. బస్తాలు ఎత్తిన మనిషికి ఏ బరువెంతో చేతులే చెబుతాయి. ఆమెలో బరువు లేదు.

డాక్టరు రక్తం కాగితాలు చూసి తల ఊపాడు. "ఈ వారం వద్దు. జర తేరుకోనియ్యి." ఆపై మూడు వారాలూ పోయారు. ప్రతిసారీ వద్దన్నాడు. మందు పడవలసిన రోజు దాటి ఇరవై అయిదు రోజులయింది.

లిదియా గంగమణి పిక్కలను చేతితో పట్టి చూసింది. "అవ్వా, కండ అంత కరిగిపోయింది. నడుస్తున్నవా?"

గంగమణి రామస్వామి వైపు చూడకుండా నేల చూసింది.

"నేనే నడువనియ్యలే" అన్నాడు రామస్వామి. "మంచిగ కూసోవెట్టి చూసుకున్న. ఏ పని చెయ్యనియ్యలే."

"ఎన్ని దినాలు?"

"నలభై."

లిదియా గంగమణి చీర కుచ్చిళ్లు సరిచేసి, లేచి కిటికీ దగ్గరికి పోయి కాసేపు నిలబడి వచ్చింది. "మల్ల మొదటి నుంచి మొదలువెడదాం. ఇంట్లనే, మంచం నుంచి తలుపు దాక" అంది.

బస్సు తాడ్వాయి దాటింది. కిటికీ పక్కన కూర్చున్న గంగమణి బయటికి చూస్తూనే అంది.

"ఓ మాటంటే కోపం చేస్తవా?"

"చెప్పు."

"నన్ను కూసోవెడితివి. నీ మనసు మంచిదే, కాదంటలేను. గాని నేను పన్నెండేండ్లప్పుడు కూసున్నదాన్ని. నలభై నాలుగేండ్లు కూసునే ఉన్న. నాలుగ్గొడితే కార్ఖానకు వోయేది చూడు, గంతనే నా నడక. రోగమొచ్చినంక దాన్ని గూడ సజ్జ మీద పెడితివి."

 లింగంపేట వచ్చింది, పోయింది. ఇల్లు చేరగానే రామస్వామి స్టూలెక్కి చాటను దించాడు. దుమ్ము తుడిచాడు. అంచుకు ఆమె చుట్టిన మెత్తటి గుడ్డ అట్లాగే ఉంది.

వారం రోజులు ఇంట్లోనే, మంచం నుంచి తలుపు దాకా, తలుపు నుంచి జాలారి దాకా. ఎనిమిదో రోజు నాలుగింటికి వాడ ఒక వింత చూసింది. రామస్వామి నెత్తిన బీడీల చాట పెట్టుకొని బయలుదేరాడు. పక్కన గంగమణి. ముందు కాదు, వెనుక కాదు, పక్కన. పెండ్లయి ముప్పై ఏడేండ్లలో ఆయన ఎప్పుడూ పదడుగులు ముందు నడిచినవాడే.

చాయ్ హోటల్ ముందు లింబాద్రి కూర్చుని ఉన్నాడు. "ఏమన్నా, కార్ఖానల కొలువు దొరికిందా?"

"దొరికిందిరా. నువ్వొస్తవా, చాటలు మస్తుగున్నయ్." రామస్వామి ఆగాడు. చాట దించి, గుడ్డ తీసి, హోటల్లో ఉన్నవాళ్లందరికీ కనబడేటట్టు వంచి చూపించాడు. "ఇండ్ల ఏం లేదు. ఎన్నడు లేకుండె. దవాఖానల నడువుమన్నరు, నడుస్తున్నది. ఉత్త చేతులతోని నడుస్తే మీరే నవ్వుతరని ఇది వెట్టుకున్నది. మొన్న చెప్పకపోతి. ఇప్పుడు చెప్తున్న."

ఎవరూ నవ్వలేదు. లింబాద్రి చేతిలోని గ్లాసు చూసుకుంటూ కూర్చున్నాడు.

నడుస్తూ మాట్లాడాలి కదా, మాట్లాడుకున్నారు. ఇంట్లో ముప్పై ఏడేండ్లు మాట్లాడుకోనిదంతా ఆ దారిలో బయటికొచ్చింది. ఒక రోజు ఆయన తన నూట పది బస్తాల సంగతి ఎత్తాడు.

"నాకెరుకే" అంది గంగమణి. "ఆ దినం నేనొచ్చిన. నీకు అన్నం తెచ్చి గంజి గేటు కాడ వానల నిలవడ్డ."

"ఎన్నడు చెప్పలే?"

"ఏం చెప్పాలె. నీ మోకాళ్లు వణుకుడు చూసిన. లింబాద్రి ఇటియ్యి ఇటియ్యి అంటున్నడు. ఇస్తవేమో, ఇస్తవేమోనని చూసిన. ఇయ్యకపోతివి. నాకు మస్తు కోపమొచ్చింది. పడితే నన్ను, పొల్లను చూసేటోళ్లెవ్వలనుకున్నవ్?"

ఊరంతా మెచ్చుకున్న పనిని ఇరవై ఏడేండ్లుగా ఇంట్లో ఒక మనిషి మెచ్చుకోలేదని ఆయనకు ఆ రోజు తెలిసింది.

డిసెంబరులో నాలుగో కీమో పడింది. జనవరిలో అయిదోది పడింది. రెండుసార్లూ ఆమె నడిచే పోయింది, కొంచెం ఆగి ఆగి. అయిదోది పడిన రెండు వారాలకు, కార్ఖానా మలుపులో, "ఇటియ్యి" అని ఆయన నెత్తి మీది చాటను తనే తీసుకుంది. రెండు చేతులూ తిన్నగా పైకి లేచాయి. ఎవరి సాయం లేకుండా తన నెత్తిన తనే పెట్టుకుంది. ఎదురొస్తున్న వనజ నిలబడిపోయి చూసింది. ఆమె బరువే గదా, ఆమె తీసుకుంటే తాను ఇచ్చినట్టు లెక్క కాదని రామస్వామి అనుకున్నాడు.

అంతే. ఆ మరుసటి వారం నుంచే ముచ్చట మధ్యలో ఆగడం మొదలైంది. మొదట మలుపు దగ్గర, తర్వాత హోటల్ దగ్గర, తర్వాత గడప దిగగానే. పరీక్షలు చేస్తే రోగం ఊపిరితిత్తుల్లోకి పోయిందని తేలింది. డాక్టరు రమ్యను పక్కకు పిలిచి చెప్పాడు. ఆరో కీమో ఇక లేదన్నాడు. అయినా గంగమణి రోజూ నాలుగింటికి లేచి మంచం నుంచి తలుపు దాకా నడిచేది. పద్దెనిమిది అడుగులు. తర్వాత పదకొండు. రామస్వామి చాట పట్టుకొని పక్కన నడిచేవాడు. "ఇగ పండుకోవే" అని ఆయన ఒక్కసారీ అనలేదు. కామదహనం అయిన మూడో రోజు మధ్యాహ్నం, రమ్య తల నిమురుతుండగా పోయింది.

పదకొండో రోజు పెట్టుపోతలన్నీ అయ్యాక రామస్వామి ఒక్కడే కామారెడ్డి పోయాడు. లిదియా గది బయట బెంచీ మీద వరుసలో కూర్చొని తన వంతు వచ్చాక లోపలికి పోయాడు.

"బిడ్డా, ఒకటే మాట అడుగుత, దాచకుండ చెప్పు. ఆ నలభై దినాలు నేను చాట దాచకపోతే, ఆమె బతికుండునా?"

లిదియా చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది. "తెల్వది బాపు. ఎవ్వలు చెప్పలేరు. దాచకున్నా రోగం గట్లనే వచ్చేదేమో. నీ వల్లనే పోయిందని నేనంటే అబద్ధమైతది."

"నా వల్ల కాదంటవా?"

"అది గూడ చెప్పలేను." ఆమె బల్ల మీద ఆయన చేతి పక్కన తన చెయ్యి పెట్టింది. "ఒకటి మాత్రం చెప్పగల్గుత. నువ్వు చాట దాచకుంటే ఆ నలభై దినాలు ఆమె నడుచుకుంట ఉండేది."

ఆయన తల ఊపాడు. దండం పెట్టి బయటికొచ్చాడు. ఉండేది కాదనే మాట కంటే, ఉండేదనే మాట కంటే ఈ మాట ఎక్కువ బరువనిపించింది. ఎల్లారెడ్డి దాకా బస్సులో ఆ నలభై రోజులనే లెక్కపెట్టుకుంటూ పోయాడు. జావ కాచిన రోజు, బట్టలుతికిన రోజు, వనజ మెచ్చుకున్న రోజు.

పోయినవాళ్ల వస్తువులు ఇంట్లో ఉంచొద్దని రమ్య అత్తగారు చెప్పింది. చీరలు ఇచ్చేశారు, చెప్పులు ఇచ్చేశారు. చాటను రామస్వామి ఇయ్యలేదు. నాలుగింటికి దాన్ని నెత్తిన పెట్టుకొని కార్ఖానా దాకా పోతాడు, వస్తాడు. వాడలో ఎవరూ ఎక్కడికని అడగరు.

ఎండాకాలం మొదట్లో ఒక రోజు చాయ్ హోటల్ దాటుతుంటే వెనుక చెప్పుల చప్పుడైంది. లింబాద్రి వచ్చి పక్కన కలిశాడు. కొంతదూరం ఊరికే నడిచాడు.

"ఇటియ్యన్నా."

"ఉత్తదేరా. ఏం లేదు ఇండ్ల."

"నాకెరుకే. ఇటియ్యి."

రామస్వామి నాలుగడుగులు వేసి ఆగాడు. మోకాళ్లు వణుకుతున్నాయి. నూట పది బస్తాల నాడు కూడా ఇంతగా వణకలేదు. రెండు చేతులూ ఎత్తి చాటను నెత్తి మీదినుంచి తీశాడు. నడిదారిలో, ఊరందరి ముందర, అది లింబాద్రి నెత్తిమీదికి మారింది.

ఇద్దరూ మళ్లీ నడిచారు. కార్ఖానా ఇంకా సగం దూరం ఉంది.

"ముచ్చట పెట్టుకుంట నడువాలెరా" అన్నాడు రామస్వామి.

లింబాద్రి నోరు తెరిచాడు. జీవితమంతా మాటకు తడుముకోనివాడు. ఏదో అనబోయి, చాటను ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో మొహం తుడుచుకున్నాడు. మలుపు దాకా ఇద్దరికీ ముచ్చట రాలేదు.